జపాన్ ఆడవాళ్ళను పనిలోకి పిలిచిన తీరు

(రాజమహేంద్రవరంలో ఉద్యోగినుల సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు తప్ప మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా అమ్మా? సరే. అందరికీ నమస్కారం.

మన రాష్ట్రంలో కొంతకాలంగా పెద్దలందరూ ఒక మాట అంటున్నారు. పిల్లల్ని కనండి, ఒకరితో ఆపకండి, ఇద్దరితోనూ ఆపకండి అంటున్నారు. నిన్నమొన్నటిదాకా ఇద్దరు మించితే సర్పంచి పదవికి నిలబడడానికి లేదన్నారు కదా, 2024లో ఆ నిబంధన కూడా ఎత్తేశారు. ఎందుకొచ్చింది ఈ మార్పు? 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. అంటే రేపు పనిచేసే చేతులు తగ్గుతాయి, మంచాన పడే పెద్దలు పెరుగుతారు. ఈ భయం నిజమైనదే. నేను కాదనడం లేదు.

కానీ అదే వేదిక మీద, అదే నోటితో ఇంకో మాట కూడా అంటున్నారు. ఆడవాళ్ళు ఇంకా ఎక్కువగా ఉద్యోగాల్లోకి రావాలి అని. మంచిదే. నేను అడిగేది ఒక్కటే. పిల్లల్ని ఎక్కువమందిని కనాలి, ఉద్యోగమూ చెయ్యాలి, ఇంట్లో ముసలివాళ్ళనీ చూసుకోవాలి. ఈ మూడూ మీరు అడుగుతున్నది ముగ్గురు మనుషుల్ని కాదు కదా? ఒక్క మనిషినే కదా? ఆ మనిషికీ రోజుకి 24 గంటలే కదా?

ఇందాక ఒకాయన అన్నారు, ‘జపాన్ సంగతి మనకెందుకండీ, ఇక్కడి సంగతి చెప్పండి’ అని. ఇక్కడి సంగతే చెబుతున్నానండీ. ఈ మూడు కోరికలూ కలిపి ఆడవాళ్ళ ముందు పెట్టిన దేశం అది. మనకంటే 30 ఏళ్ళ ముందు పెట్టింది. ఏది పనిచేసింది, ఏది బెడిసికొట్టింది, అన్నీ లెక్కలతో సహా అక్కడ దొరుకుతాయి. అవి చూసుకోకుండా మనం మొదటినుంచీ మొదలుపెట్టడం ఎందుకు?

జపాన్‌లో 1989లో జననాల రేటు, అంటే ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల లెక్క, 1.57కి పడిపోయింది. ఆ లెక్క బయటికి రాగానే దేశమంతా ఉలిక్కిపడింది. ఎందుకంటే, అంతకుముందు 1966లో ఒకసారి 1.58 వచ్చింది. అది వాళ్ళ పంచాంగంలో అగ్ని గుర్రం సంవత్సరం. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొగుడికి కీడు అని వాళ్ళ నమ్మకం. మన దగ్గర మూల నక్షత్రంలో పుట్టిన పిల్ల మామగారికి కీడు అంటారే, అలాంటిదే. ఆ భయంతో జనం ఆ ఒక్క ఏడూ కనడం మానేశారు. మరి 1989లో ఏ కీడూ లేదే! ఏ కీడూ లేకుండానే అంతకంటే కిందికి దిగిపోయింది. తర్వాత 1995 నుంచి పనిచేసే వయసువాళ్ళు, అంటే 15 నుంచి 64 ఏళ్ళవాళ్ళు తగ్గడం మొదలైంది. అప్పుడు 8 కోట్ల 70 లక్షల మంది. ఇప్పుడు 7 కోట్ల 40 లక్షల దగ్గర ఉన్నారు. కోటీ 30 లక్షల మంది తగ్గారు. ఫ్యాక్టరీలు ఎవరు నడపాలి? ఆసుపత్రుల్లో ఎవరు చెయ్యాలి?

అప్పుడు ఆడవాళ్ళు గుర్తొచ్చారు. నేను నిష్ఠూరంగా అనడం లేదు, జరిగిన వరస అది. 2012 చివర్లో షింజో అబే రెండోసారి ప్రధాని అయ్యాక, మహిళలు వెలిగే సమాజం కావాలని ఊరూరా చెప్పారు. అది కేవలం న్యాయం కోసమని కాదు, దేశ ఆర్థిక వ్యవస్థ నిలబడాలంటే ఇదే దారి అని చెప్పారు.

దీనికి ముందు వాళ్ళ దగ్గర చట్టం లేదా? ఉంది. ఉద్యోగాల్లో సమాన అవకాశాల చట్టం 1985లో చేశారు. 1986 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. మరి అప్పుడు కంపెనీలు ఏం చేశాయి? ఉద్యోగాన్ని రెండు దారులు చేశాయి. ఒకటి పైకి ఎక్కే దారి. ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడికి వెళ్ళాలి, రాత్రి ఎంతసేపయినా ఉండాలి. రెండోది గుమాస్తా దారి. మీకేది కావాలో మీరే ఎంచుకోండి అన్నారు. చంటిబిడ్డ ఉన్న తల్లి ఏది ఎంచుకుంటుంది? ఎంచుకోవడానికి ఆవిడకి ఉన్నదేమిటి?

పిల్లల సంగతి చూద్దాం. జపాన్‌లో బాలసదనాలు, అంటే తల్లిదండ్రులు పనికి వెళ్ళినప్పుడు పసిపిల్లల్ని చూసే చోట్లు, ఎక్కువగా మునిసిపాలిటీ ద్వారానే సీట్లు ఇస్తాయి. పాయింట్లు వేస్తారు. తల్లి వారానికి ఎన్ని రోజులు పని చేస్తోంది, రోజుకి ఎన్ని గంటలు, ఒంటరి తల్లా, ఇలాంటివన్నీ చూసి పాయింట్లు. చేర్చుకునేది ఎక్కువగా ఏప్రిల్‌లో. కాన్పు ఏ నెలలో వస్తే సీటు దొరుకుతుందో లెక్క వేసుకున్న దంపతులు ఉన్నారు. 2016 ఫిబ్రవరిలో ఒక తల్లి పేరు చెప్పకుండా ఇంటర్నెట్‌లో రాసింది. నా బిడ్డకి సీటు రాలేదు, ఇక నేను పనికెలా వెళ్ళను, జపాన్, చచ్చిపో అని. అంత మాట రాసింది. పార్లమెంటులో ప్రతిపక్ష సభ్యురాలు దాన్ని ఎత్తి అడిగితే, రాసిందెవరో తెలియదు కాబట్టి నిజమో కాదో చెప్పలేమని ప్రధాని అన్నారు. అంతే. తల్లులు పార్లమెంటు ముందుకొచ్చి అట్టలు పట్టుకుని నిలబడ్డారు. అట్టల మీద ఏముంది? ‘సీటు రానిది నాకే’ అని ఉంది. వేలమంది సంతకాలు పెట్టారు.

ఆ తల్లుల కోపం వృథా పోలేదు. అది చెప్పాలి. 2017లో సీటు కోసం కాచుకున్న పిల్లలు 26,081 మంది. 2024కి 2,567. చాలా చోట్ల కొత్తవి కట్టారు. 2019 అక్టోబరు నుంచి మూడేళ్ళు దాటిన పిల్లలకి ఫీజు తీసేశారు. అమ్మకం పన్ను 8 నుంచి 10 శాతానికి పెంచి, అందులో కొంత డబ్బు దీనికి పెట్టారు. ఇది నిజమైన పని. పిల్లలు పుట్టడం తగ్గిపోవడం వల్ల కూడా వరస కురచయింది, ఆ మాట కూడా కలుపుకోవాలి.

అయితే సీటు దొరికితే సరిపోయిందా? అక్కడ ఒక అంకె ప్రతి తల్లికీ తెలుసు. 37.5. బిడ్డ ఒళ్ళు 37.5 డిగ్రీలు దాటితే బాలసదనం నుంచి ఫోను వస్తుంది, వచ్చి తీసుకెళ్ళండి అని. మన థర్మామీటరు లెక్కలో 99.5. ఆ ఫోను ఎవరికి వస్తుంది? ఫారంలో తండ్రి నంబరూ ఉంటుంది. అయినా ముందు మోగేది తల్లి ఫోనే. మీటింగు మధ్యలో లేచి పరుగెత్తేది ఆవిడే. మీలో చాలామంది నవ్వుతున్నారు. మీ ఇంట్లోనూ అంతేనా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీని గురించి కాస్త ఎక్కువ సేపు చెబుతాను, ఎందుకంటే విధానం అంటే ఏమిటో ఇందులో కనబడుతుంది. జపాన్‌లో దీన్ని ‘గోడ’ అంటారు. ఆదాయపు గోడ.

1961లో పన్ను చట్టంలో ఒక రాయితీ పెట్టారు. భార్య సంపాదన తక్కువగా ఉంటే భర్తకి పన్ను తగ్గుతుంది. తర్వాత 1986 ఏప్రిల్‌లో పింఛను చట్టం మార్చారు. ఉద్యోగి మీద ఆధారపడ్డ భార్య సంపాదన ఒక హద్దు దాటకపోతే ఆవిడ చందా కట్టక్కర్లేదు, అయినా ముసలితనంలో ఆవిడకి సొంతంగా పింఛను వస్తుంది. మంచి ఉద్దేశంతోనే చేశారు. అంతకుముందు పింఛనులో తనంతట తాను చేరని గృహిణి విడాకులు తీసుకుంటే చేతిలో ఏమీ ఉండేది కాదు. కానీ నెల గమనించారా? 1986 ఏప్రిల్. సమాన అవకాశాల చట్టం అమల్లోకి వచ్చిన నెల కూడా అదే. ఒక చట్టం ఆఫీసు తలుపు తీసి రమ్మంది. ఇంకో చట్టం, ఎక్కువ సంపాదిస్తే నష్టపోతావు, ఇంట్లోనే ఉండు అంది. ఒకే ప్రభుత్వం, ఒకే నెలలో!

ఎలా పనిచేస్తుందో చూడండి. ఒసాకాలో ఒక చిన్న సూపర్ మార్కెట్‌లో బిల్లు కౌంటరు దగ్గర పనిచేసే ఆవిడ అనుకోండి. భర్తది కంపెనీ ఉద్యోగం. ఏడాదికి 13 లక్షల యెన్లు దాటితే ఆవిడ సొంతంగా ఆరోగ్య బీమా, పింఛను చందా కట్టుకోవాలి. అది ఏడాదికి రెండు లక్షల యెన్ల పైమాటే. అంటే గీత దాటి కొంచెం ఎక్కువ పని చేస్తే చేతికొచ్చేది పెరగదు, తగ్గుతుంది. పైగా చాలా కంపెనీలు భార్య ఆదాయం తక్కువగా ఉంటేనే భర్తకి కుటుంబ భత్యం ఇస్తాయి. అదీ పోతుంది. మరి ఆవిడ ఏం చేస్తుంది? నవంబరు రాగానే జీతం చీటీలన్నీ ముందేసుకుని కూడుతుంది. ఇంకా ఎన్ని గంటలు మిగిలాయి? డిసెంబరులో ఎన్ని రోజులు మానెయ్యాలి? అక్కడ డిసెంబరు అంటే కొత్త సంవత్సరం కొనుగోళ్ళు, కొట్టు కిటకిటలాడే నెల. సరిగ్గా అప్పుడే మేనేజరుకి మనుషులు దొరకరు.

ఇంకా చెబుతాను వినండి. ప్రభుత్వం కనీస వేతనం పెంచుకుంటూ వచ్చింది. 2012లో దేశ సగటు గంటకి 749 యెన్లు. 2024లో 1,055. సంతోషించాలి కదా? ఇప్పుడు లెక్క వేయండి. 749 చొప్పున 13 లక్షల గీత చేరాలంటే ఏడాదికి సుమారు 1,735 గంటలు పని చెయ్యొచ్చు. 1,055 చొప్పున అయితే 1,230 గంటలకే గీత వచ్చేస్తుంది. కూలి పెరిగినకొద్దీ ఆవిడ గంటలు తగ్గాయి! మనుషులు దొరక్క అల్లాడుతున్న దేశం, ఉన్న మనిషిని ఇంట్లో కూర్చోబెట్టుకుంది. ఆవిడ బద్ధకస్తురాలా? చట్టం ఎలా ఉంటే అలా లెక్క వేసుకున్న మనిషి ఆవిడ.

వాళ్ళు సవరించలేదా అంటే, సవరిస్తూనే ఉన్నారు. 2018లో భర్త పన్ను రాయితీకి ఉన్న హద్దు పెంచారు. 2016 నుంచి మొదలుపెట్టి పార్ట్ టైం వాళ్ళని పింఛనులోకి తెస్తున్నారు. మొదట 500 మంది దాటిన కంపెనీలకి, 2022లో 100 మంది దాటినవాటికి, 2024 అక్టోబరు నుంచి 50 మంది దాటినవాటికి. ఒక్కొక్క ఇటుకే తీస్తున్నారు. 60 లక్షలకు పైగా జనం ఈ పద్ధతికి అలవాటు పడ్డాక, వాళ్ళలో దాదాపు అందరూ ఆడవాళ్ళే అయ్యాక, ఒక్కసారి కూల్చే ధైర్యం ఏ పార్టీకి ఉంటుంది?

ఈ గోడ ఖరీదు ఎప్పుడు తెలుస్తుంది? ముసలితనంలో తెలుస్తుంది. చందా కట్టకుండా గడిపిన ఏళ్ళకి వచ్చేది మూల పింఛను మాత్రమే. పూర్తిగా వచ్చినా 2024లో నెలకి 68,000 యెన్లు. అక్కడ దాంతో బతకడం చాలా కష్టం. అందుకే 65 నుంచి 69 ఏళ్ళ ఆడవాళ్ళలో వందకి 40 మందికి పైగా ఇంకా పనిలో ఉన్నారు. ఆఫీసులు ఊడ్చేది వాళ్ళే, హోటళ్ళలో పక్కలు మార్చేది వాళ్ళే. 70 ఏళ్ళ వరకూ పని కల్పించడానికి కంపెనీలు ప్రయత్నించాలని 2021లో చట్టం అమల్లోకి తెచ్చారు. ఇష్టపడి చేసేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ 35 ఏళ్ళప్పుడు గంటలు తగ్గించుకోమని చెప్పిన చట్టమే, 68 ఏళ్ళప్పుడు చీపురు పట్టిస్తోంది. ఈ రెండిటినీ కలిపి చూడాలి. వయసు మళ్ళిన ఆడవాళ్ళ ఉపాధి పథకాలు అంటూ వాటిని విడిగా మెచ్చుకోకూడదు.

వాళ్ళు చేసినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటి ఉంది. 2000 ఏప్రిల్‌లో మొదలైన వృద్ధుల సంరక్షణ బీమా. అంతకుముందు అత్తమామలు మంచాన పడితే ఎవరు చూసేవారు? కోడలు. పెద్ద కొడుకు భార్య. ఉద్యోగం మానేసి మలమూత్రాలు ఎత్తేది. మనకి కొత్తా ఇది? ఈ బీమాలో 40 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ, మగవాళ్ళూ ఆడవాళ్ళూ, చందా కడతారు. సగం చందాల డబ్బు, సగం ప్రభుత్వానిది. పెద్దాయనకి ఎంత సాయం కావాలో చూసి ఏడు మెట్లలో ఒకటి నిర్ణయిస్తారు. మామూలు ఆదాయం ఉన్నవాళ్ళు ఖర్చులో పదో వంతు కడితే చాలు. పొద్దున్నే వ్యాను ఇంటిముందుకొస్తుంది. చక్రాల కుర్చీతో సహా ఎక్కించుకుని తీసుకెళ్తారు. స్నానం, భోజనం, వ్యాయామం అన్నీ అయ్యాక సాయంత్రం దింపుతారు. ఆ మధ్యలో ఇంట్లో మనిషి ఉద్యోగానికి వెళ్ళి రావచ్చు.

అంతా బాగుందా? లేదు. ఇప్పటికీ పెద్దల కోసం ఉద్యోగం మానేసేవాళ్ళు ఏడాదికి లక్ష మంది దాకా ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ వ్యానులో వచ్చి స్నానం పోసే మనిషి కూడా ఆడమనిషే, ఆవిడ జీతమూ తక్కువే. అందుకే అక్కడ మనుషులు చాలడం లేదు. ఇంట్లో ఉచితంగా చేసిన చాకిరీకి జీతం ఇవ్వాల్సి వచ్చినప్పుడు, ఆ చాకిరీకి కట్టిన ధర కూడా చిన్నదే అయింది. మన అంగన్‌వాడీ టీచర్లు ఈ సభలో ఉన్నారు. వాళ్ళకి ఇచ్చేదాన్ని జీతం అని కూడా అనరు. గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేశారు. అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ఎస్మా, పెట్టారు వాళ్ళ మీద. అత్యవసర సేవ అని ఒప్పుకున్నట్టే కదా? అత్యవసరమైతే ఆ జీతం కూడా అలాగే ఉండాలి కదా?

మగవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 2021లో అక్కడి సర్వే ప్రకారం, ఆరేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో భార్య రోజుకి ఇంటిపని, పిల్లల పని కలిపి 7 గంటల 28 నిమిషాలు చేస్తోంది. భర్త గంటా 54 నిమిషాలు. తండ్రికి సెలవు హక్కు చట్టంలో ఎప్పట్నించో ఉంది, డబ్బు కూడా ఉద్యోగ బీమా నుంచి వస్తుంది. అయినా 2012లో తీసుకున్నవాళ్ళు వందకి ఇద్దరు కూడా లేరు. అడిగితే బాస్ ఏమంటాడో అని భయం. 2022లో ఏం చేశారంటే, అడగాల్సిన బాధ్యతని తిప్పి కంపెనీ మీద పెట్టారు. బిడ్డ పుట్టబోతోందని చెప్పిన ప్రతి ఉద్యోగినీ ‘సెలవు తీసుకుంటారా’ అని కంపెనీయే అడగాలి. 2023లో 1,000 మంది దాటిన కంపెనీలు ఎంతమంది తండ్రులు తీసుకున్నారో బయటపెట్టాలన్నారు. 2024కి వందకి 40 మంది దాటారు. పన్నెండేళ్ళలో ఇద్దరి నుంచి 40 మంది! ఆ మగవాళ్ళ మనసులు మారేదాకా ఆగి ఉంటే ఇంకా ఇద్దరి దగ్గరే ఉండేవాళ్ళు. ఎక్కువమంది తీసుకునేది కొన్ని వారాలే, అది కూడా చెప్పాలి.

ఇంత చేశాక లెక్క ఏమిటి? పనిచేసే వయసు స్త్రీలలో ఉద్యోగం ఉన్నవాళ్ళు 2012లో వందకి 61 మంది దగ్గర, 2023కి 73 మంది. చిన్న విషయం కాదు. కానీ ఉద్యోగాల్లో ఉన్న ఆడవాళ్ళలో సగానికి పైగా పర్మనెంటు కాదు. 2020కల్లా నాయకత్వ పదవుల్లో 30 శాతం అన్నారు. గడువు దాటిపోయింది, ఇంకో గడువు పెట్టుకున్నారు. మరి పిల్లలు? 2024లో జననాల రేటు 1.15. ఆడవాళ్ళు పనికి వచ్చారు. పిల్లలు రాలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. 2017లో ప్రసూతి చట్టం సవరించి 26 వారాల సెలవు చేశారు. చప్పట్లు కొట్టాం. ఆ 26 వారాల జీతం ఎవరివ్వాలి? ఈఎస్ఐ కింద ఉన్నవాళ్ళకి ఈఎస్ఐ ఇస్తుంది. మిగతావాళ్ళకి యజమానే మొత్తం భరించాలి. జపాన్‌లో బిడ్డను చూసుకునే సెలవుకి మొదటి ఆరు నెలలూ జీతంలో 67 శాతం ఉద్యోగ బీమా నిధి ఇస్తుంది. కంపెనీ జేబు మీద పడదు. ఇక్కడ చిన్న ప్రైవేటు స్కూలు యజమాని ఏం చేస్తాడు? ఇంటర్వ్యూలోనే అడుగుతాడు. పెళ్ళయిందా, పిల్లలున్నారా, ఇంకా కంటారా? మీలో ఎంతమందిని అడిగారో చేతులెత్తండి. చూడండి, చూడండి ఎన్ని చేతులో. ఆడవాళ్ళ మేలు కోసం రాసిన చట్టం ఆడవాళ్ళకి ఉద్యోగం రాకుండా చేస్తోంది. ఇది కూడా ఒక గోడే. జపాన్ గోడకి 40 ఏళ్ళు నిండుతున్నాయి. మనది ఇప్పుడిప్పుడే లేస్తోంది, కూల్చడం ఇప్పుడే తేలిక.

50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సదనం ఉండాలని అదే చట్టంలో రాశారు, 2025 నవంబరులో దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ అదే ఉంది. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చని ఉంది. మీ ఆఫీసులో ఉందా? బట్టల దుకాణాల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే అమ్మాయిలున్నారు, వాళ్ళ దగ్గర ఉందా? అంగన్‌వాడీ సాయంత్రం మూడు, నాలుగింటికి మూసేస్తే, ఆరింటికి పని దిగే తల్లి బిడ్డని ఎక్కడ పెట్టాలి?

చివరిగా ఇది చెబుతాను. ముఖ్యమంత్రిగారూ, మంత్రులూ ఇప్పుడు మూడో బిడ్డ గురించి మాట్లాడుతున్నారు కదా. ఆ ప్రసూతి నిబంధనలే తెరిచి చదవండి. 26 వారాలు మొదటి ఇద్దరికే. ఇద్దరు పిల్లలున్న తల్లి మళ్ళీ కంటే 12 వారాలే. రేపు మీరు కలెక్టరు గారికి ఇచ్చే వినతిపత్రంలో మొదటి అంశంగా ఇదే పెట్టండి. మూడో బిడ్డకీ 26 వారాలు ఇవ్వాలి, ఆ జీతం యజమాని ఒక్కడి మీద వెయ్యకుండా అందరూ చందా కట్టే నిధి నుంచి ఇవ్వాలి అని. రెండో అంశంగా అంగన్‌వాడీ సాయంత్రం ఏడింటిదాకా తెరిచి ఉండాలని రాయండి. ఆ ఎక్కువ గంటలకి టీచరుకీ ఆయాకీ పూర్తి జీతం ఇవ్వాలని కూడా అదే వాక్యంలో రాయండి, విడగొట్టకండి. మిగతావి మీరు చర్చించుకుని చేర్చండి. ఇక ప్రశ్నలు అడగండి, మైకు ముందు ఆ అంగన్‌వాడీ టీచరుగారికి ఇవ్వండి.